అడిగింది ఒక్క కాలమ్ మాత్రమే: పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఓఆర్ఎమ్ (డేటాబేస్ టేబుళ్లను కోడ్‌లో ఆబ్జెక్టులుగా చూపే లైబ్రరీ) ద్వారా టేబుల్ నుంచి ఒక్క కాలమ్ మాత్రమే తెచ్చుకోవడం ఎలా, తెచ్చుకున్నాక అది అనుకున్నట్టు ఎందుకు ఉండదు అని. కోడ్ ముక్కల్ని ఈ శీర్షిక అలవాటు ప్రకారం తెలుగు లిపిలోనే అచ్చు వేస్తున్నాం. మీరు టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాలే.

ప్రశ్న: పైతాన్ ఓఆర్ఎమ్ అయిన ఎస్‌క్యూఎల్ఆల్కెమీ 2.0 వాడుతున్నాను. కస్టమర్ల ఈమెయిళ్లు మాత్రమే కావాలని సెషన్.ఎగ్జిక్యూట్(సెలెక్ట్(కస్టమర్.ఈమెయిల్)).ఆల్() అని రాశాను. ప్రతి ఈమెయిలూ బ్రాకెట్ల మధ్య, పక్కన ఒక కామాతో వస్తోంది. ఫలానా ఈమెయిల్ లిస్టులో ఉందా అని చూస్తే, ఉన్నదాన్ని కూడా లేదంటోంది. జేసన్‌గా పంపబోతే ఎర్రర్ వస్తోంది.
(హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఎగ్జిక్యూట్ ఎప్పుడూ వరుసల్నే ఇస్తుంది. మీరు ఒక కాలమ్ అడిగినా పది అడిగినా వచ్చేది రో ఆబ్జెక్టే. అది చూడటానికి టపుల్‌లా (బ్రాకెట్లలో ఉండే విలువల కట్టలా) ఉంటుంది. ఆ కామా ఒకే విలువ ఉన్న టపుల్‌కు పైతాన్ పెట్టే గుర్తు. స్ట్రింగ్‌ను రో ఆబ్జెక్టుతో పోలిస్తే ఎప్పటికీ సమానం కాదు, అందుకే "ఇన్" పరీక్ష ప్రతిసారీ ఫాల్స్ అంటుంది. ఎర్రర్ కూడా రాదు కాబట్టి ఇదే ఎక్కువ ప్రమాదం. "ఈమెయిల్ లేదు కదా" అనుకుని కోడ్ అదే కస్టమర్‌ను మళ్లీ చేరుస్తుంది. ఆ కాలమ్ మీద యూనిక్ నిబంధన లేకపోతే నకళ్లు పేరుకుపోయాక గానీ ఎవరికీ తెలియదు. జేసన్ ఎర్రర్ నయం, కనీసం అరిచి చెబుతుంది. 1.4 నుంచి రో అనేది టపుల్‌కు పిల్ల క్లాసు కాదు, అందుకే పైతాన్ జేసన్ మాడ్యూల్‌కు దాన్ని ఎలా రాయాలో తెలియదు.

మీకు కావలసింది సెషన్.స్కేలర్స్(సెలెక్ట్(కస్టమర్.ఈమెయిల్)).ఆల్(). ఇది ప్రతి వరుస నుంచి మొదటి విలువను విప్పి ఇస్తుంది. సెషన్ మీదే స్కేలర్స్ పిలిచే వీలు 1.4.24లో వచ్చింది. అంతకు ముందరి 1.4 వెర్షన్ అయితే ఎగ్జిక్యూట్(...).స్కేలర్స్().ఆల్() రాయాలి. ఇంకా 1.3 మీదే ఉన్న పాత ప్రాజెక్టులో లిస్ట్ కాంప్రిహెన్షన్ ఒక్కటే దారి: [ఈ ఫర్ (ఈ,) ఇన్ సెషన్.క్వెరీ(కస్టమర్.ఈమెయిల్)].

ఆ పాత పద్ధతిని చిన్నచూపు చూడకండి. రేపు ఎవరో అదే సెలెక్టులో ముందు కస్టమర్.ఐడీ చేర్చారనుకోండి. స్కేలర్స్ ఏమీ అనకుండా మొదటి కాలమ్ తీసుకుంటుంది, ఈమెయిళ్ల స్థానంలో ఐడీలు వస్తాయి. (ఈ,) అని విప్పే కోడ్ మాత్రం "విలువలు ఎక్కువయ్యాయి" అని అక్కడికక్కడే ఆగిపోతుంది. సెలెక్టును ఒక ఫంక్షన్ తయారుచేసి మరో ఫంక్షన్ నడిపే చోట మేమైతే ఈ రెండో పద్ధతికే మొగ్గుతాం. సెలెక్టూ స్కేలర్సూ పక్కపక్క లైన్లలోనే ఉంటే స్కేలర్స్ చాలు.

మరొక సంగతి. ఆల్() పిలవకుండా స్కేలర్స్ ఫలితాన్నే వేరియబుల్‌లో దాచుకుంటే అది లిస్ట్ కాదు. ఒకసారి లూప్ తిరిగితే ఖాళీ అయిపోతుంది, రెండో లూప్‌కు ఏమీ మిగలదు.

ప్రశ్న: పుస్తకం ధర ఒక్కటే కావాలి. స్కేలర్() పిలిస్తే నన్ (పైతాన్‌లో విలువ లేదని చెప్పే గుర్తు) వచ్చింది. ఆ పుస్తకమే లేదా, ఉండి ధర నింపలేదా? ఎలా తెలుస్తుంది?
(గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: స్కేలర్() నుంచి తెలియదు. వరుస లేకపోయినా నన్ వస్తుంది, వరుసలో నల్ (డేటాబేస్‌లో నింపని విలువ) ఉన్నా నన్ వస్తుంది. పేరు చూసి స్కేలర్_వన్_ఆర్_నన్() వాడితే తేలుతుందని చాలామంది అనుకుంటారు. అదీ ఈ రెండింటినీ విడదీయదు. ఒకటికి మించి వరుసలు వస్తే ఎర్రర్ ఇవ్వడమే అది అదనంగా చేసే పని. వరుస తప్పకుండా ఉండాలి అనుకున్న చోట స్కేలర్_వన్() వాడండి. వరుస లేకపోతే నోరిజల్ట్‌ఫౌండ్ ఎర్రర్ వస్తుంది, కాబట్టి చేతికి నన్ వచ్చిందంటే ధర నింపలేదనే అర్థం. వరుస ఉండొచ్చు, లేకపోవచ్చు అన్న చోట విలువను కాక వరుసనే అడగండి: ఎగ్జిక్యూట్(...).వన్_ఆర్_నన్(). తిరిగి వచ్చిందే నన్ అయితే పుస్తకం లేదు, వచ్చిన వరుసలో మొదటి విలువ నన్ అయితే ధర లేదు.

పాత కోడ్‌ను 2.0 పద్ధతిలోకి మార్చేవాళ్లు ఒక తేడా గమనించాలి. పాత సెషన్.క్వెరీ(...).స్కేలర్() ఒకటికి మించి వరుసలు వస్తే ఎర్రర్ ఇచ్చేది. కొత్త సెషన్.స్కేలర్(...) మొదటి వరుస తీసుకుని మిగతావి వదిలేస్తుంది. పేరు అదే కాబట్టి కోడ్ సమీక్షలో కళ్లు దాటిపోతుంది. పాతదానికి దగ్గరగా నడిచేది స్కేలర్_వన్_ఆర్_నన్() మాత్రమే.

మొత్తం, గరిష్ఠం లాంటివి అడిగేటప్పుడు లెక్క మళ్లీ మారుతుంది. గ్రూప్ బై లేని సమ్, మ్యాక్స్ క్వెరీలు, షరతుకు ఒక్క వరుస సరిపోలకపోయినా, ఒక వరుస ఇచ్చే తీరతాయి. అందులో నల్ ఉంటుంది. కాబట్టి అక్కడ స్కేలర్_వన్() పెట్టి నోరిజల్ట్‌ఫౌండ్ కోసం ఎదురుచూస్తే అది ఎన్నడూ రాదు. కౌంట్ మాత్రం నల్ కాకుండా 0 ఇస్తుంది. మొత్తం 0గా రావాలంటే ఫంక్.కోఅలెస్(ఫంక్.సమ్(ఆర్డర్.మొత్తం), 0) అని డేటాబేస్‌లోనే సర్దండి.

పైతాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో పుస్తకం ధర తెచ్చే పని వాల్యూస్_లిస్ట్('ధర', ఫ్లాట్=ట్రూ).గెట్() చేస్తుంది. వరుస లేకపోతే డజ్‌నాట్‌ఎగ్జిస్ట్ ఎర్రర్ వస్తుంది. ఫస్ట్() వాడితే వరుస లేకపోయినా, ధర నల్ అయినా నన్ వస్తుంది.

ప్రశ్న: జాంగోలో ఆర్డర్ల టేబుల్ నుంచి జిల్లాల పేర్లు ఒక్కోటి ఒక్కసారే రావాలి. ఆర్డర్.ఆబ్జెక్ట్స్.వాల్యూస్_లిస్ట్('జిల్లా', ఫ్లాట్=ట్రూ).డిస్టింక్ట్() అని రాశాను. ఒకే జిల్లా పేరు పదేపదే వస్తోంది. డిస్టింక్ట్ పనిచేయడం లేదా?
(కర్నూలు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: డిస్టింక్ట్ పనిచేస్తోంది, మీరు అనుకున్న కాలమ్ ఒక్కదాని మీదే కాదు, అంతే. మీ మోడల్ మెటా క్లాసులో ఆర్డరింగ్ = ['-తేదీ'] లాంటి లైను ఉందేమో చూడండి. ఈ లక్షణానికి నూటికి తొంభై పాళ్లు కారణం అదే. ప్రింట్(క్వెరీసెట్.క్వెరీ) అని రాసి జాంగో పంపే ఎస్‌క్యూఎల్ చూస్తే గుట్టు బయటపడుతుంది. సెలెక్ట్ డిస్టింక్ట్ తర్వాత జిల్లాతో పాటు తేదీ కూడా కనిపిస్తుంది. తేదీ ప్రతి ఆర్డరుకూ వేరు కాబట్టి ఏ రెండు వరుసలూ ఒకటి కావు.

జాంగో ఆ కాలమ్‌ను ఎందుకు దూర్చింది? డిస్టింక్ట్ వేసిన క్వెరీలో ఆర్డర్ బై చేసే కాలమ్ సెలెక్టులో కూడా ఉండాలని పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లు పట్టుబడతాయి, లేకపోతే ఎర్రర్ ఇస్తాయి. సబబే. ఒక జిల్లాకు యాభై తేదీలుంటే దాన్ని ఏ తేదీ ప్రకారం వరుసలో పెట్టాలి? అందుకని జాంగో తేదీని లోపల చేర్చి, మీ చేతికిచ్చే ముందు తీసేస్తుంది. మీకు జిల్లా ఒక్కటే కనిపిస్తుంది, నకళ్లు మిగులుతాయి.

మందు చిన్నదే. డిస్టింక్ట్‌కు ముందు ఆర్డర్_బై('జిల్లా') పెట్టండి. మోడల్లోని వరుసక్రమాన్ని అది తోసిపుచ్చుతుంది, జిల్లాలు అక్షరక్రమంలో వస్తాయి కూడా. క్రమం అక్కర్లేకపోతే ఖాళీ ఆర్డర్_బై() చాలు.

ఇది చేశాక కూడా నకళ్లు కనిపిస్తే లోపం డేటాలో ఉంది. ఒక పేరు చివర ఖాళీ ఉండటం, ఇంగ్లీషులో అయితే పెద్దక్షరాలు చిన్నక్షరాల తేడా అందరికీ తెలిసినవే. మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా ఉండే కొలేషన్ (అక్షరాలను పోల్చే నియమం) పెద్దక్షరాల తేడాను పట్టించుకోదు, పోస్ట్‌గ్రెస్ పట్టించుకుంటుంది. అందుకే డేటాబేస్ మార్చిన రోజు లిస్టు పొడవు పెరుగుతుంది.

తెలుగులో నింపిన డేటాకు సొంత చిక్కులు రెండున్నాయి. "వైఎస్ఆర్" అని రాసేటప్పుడు కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని విభజక అక్షరాన్ని, యూనికోడ్‌లో 200సీ అనేదాన్ని, పెడతాయి. కొన్ని పెట్టవు. పొల్లు తర్వాత అచ్చు ఉంది కాబట్టి రెండూ తెర మీద ఒకేలా ఉంటాయి, డేటాబేస్‌కు మాత్రం వేర్వేరు పేర్లు. రెండోది ఐత్వం. "ై" ఒకే కోడ్‌గా ఉండొచ్చు, ఎత్వం గుర్తు కింద మరో గుర్తు కలిపి రెండు కోడ్లుగానూ ఉండొచ్చు. ఐత్వం తేడాను పైతాన్‌లో యూనికోడ్‌డేటా.నార్మలైజ్('ఎన్ఎఫ్‌సీ', పేరు) సరిచేస్తుంది. కనిపించని విభజకాన్ని అది తీయదు, మీరే రీప్లేస్ చేయాలి. అలాగని అన్నిచోట్లా ఊడ్చేయకండి. "సాఫ్ట్‌వేర్"లో దాన్ని తీస్తే టకారం కింద వత్తు చేరి పదం రూపమే మారిపోతుంది. పోల్చడానికి వేరే కాలమ్ ఒకటి పెట్టి అందులో తీసేయండి, చూపించే పేరును ముట్టుకోకండి.

ప్రశ్న: ఒక్క ఆర్డరూ ఇవ్వని కస్టమర్ల లిస్టు ఇది: సెలెక్ట్(కస్టమర్).వేర్(కస్టమర్.ఐడీ.నాట్_ఇన్(సెలెక్ట్(ఆర్డర్.కస్టమర్_ఐడీ))). నెలల తరబడి సరిగ్గా నడిచింది. ఇప్పుడు ఖాళీ లిస్టు వస్తోంది, ఎర్రర్ లేదు. కోడ్ ఎవరూ మార్చలేదు.
(డాలస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కోడ్ మారలేదు, డేటా మారింది. ఆర్డర్ల టేబుల్‌లో కస్టమర్_ఐడీ నల్ ఉన్న వరుస ఒకటైనా చేరి ఉంటుంది. లాగిన్ లేకుండా కొనే వీలు పెట్టారా? సాధారణంగా అది అక్కడి నుంచే వస్తుంది.

నాట్ ఇన్ (3, 7, నల్) అంటే డేటాబేస్ చదివేది ఇలా: ఐడీ 3 కాదు, మరియు 7 కాదు, మరియు నల్ కాదు. నల్‌తో దేన్ని పోల్చినా జవాబు అవునూ కాదు, కాదూ కాదు, "తెలియదు". మరియులతో కట్టిన గొలుసులో ఒక్క "తెలియదు" ఉంటే మొత్తం ఎప్పటికీ నిజం కాదు. కాబట్టి ఏ కస్టమరూ గట్టెక్కడు. మామూలు ఇన్‌లో ఇవి "లేదా"లతో కలుస్తాయి. ఒకటి నిజమైతే చాలు కనుక అక్కడ నల్ ఉన్నా ఇబ్బంది లేదు. అందుకే లోపలి సెలెక్టును ఇన్‌తో పరీక్షించి "బాగానే ఉంది" అనుకుంటే మోసపోతారు.

ఇవాళే లిస్టు రావాలంటే లోపలి సెలెక్టుకు వేర్(ఆర్డర్.కస్టమర్_ఐడీ.ఈజ్_నాట్(నన్)) తగిలించండి. నిలకడైన మార్పు కావాలంటే నాట్ ఎగ్జిస్ట్స్‌కు వెళ్లండి: వేర్(~సెలెక్ట్(ఆర్డర్.ఐడీ).వేర్(ఆర్డర్.కస్టమర్_ఐడీ == కస్టమర్.ఐడీ).ఎగ్జిస్ట్స్()). ఇది వరుస ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది, నల్ దాని జోలికి రాదు. పోస్ట్‌గ్రెస్ దీన్ని యాంటీ జాయిన్‌గా (జత దొరకని వరుసల్నే ఏరే జాయిన్‌గా) నడపగలదు కాబట్టి పెద్ద టేబుళ్ల మీద వేగమూ ఎక్కువే. ఆర్డర్.కస్టమర్_ఐడీ మీద ఇండెక్స్ ఉండాలి సుమా. జాంగోలో అయితే ఫిల్టర్(~ఎగ్జిస్ట్స్(ఆర్డర్.ఆబ్జెక్ట్స్.ఫిల్టర్(కస్టమర్=ఔటర్‌రెఫ్('పీకే')))). నేరుగా ఫిల్టర్‌లో పెట్టే వీలు 3.0 నుంచి ఉంది.

కొందరు దీన్ని తప్పించుకోవడానికి ఐడీలన్నీ పైతాన్‌లోకి లిస్టుగా తెచ్చి, నల్‌లు ఏరేసి, తిరిగి నాట్_ఇన్‌కు ఇస్తారు. వందల్లో ఉన్నంతకాలం నడుస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక క్వెరీకి 2100 పారామీటర్ల (క్వెరీతో పంపే విలువల) దగ్గర ఆగుతుంది. ఒరాకిల్ 19సీ ఒక ఇన్ లిస్టులో 1000 దాటనివ్వదు. ఎస్‌క్యూలైట్ 3.32 కంటే పాతదైతే హద్దు 999, ఆ తర్వాత 32766. పోస్ట్‌గ్రెస్ ప్రోటోకాల్‌లో 65535. టెస్టింగులో పది వరుసలతో నడిచిన కోడ్ అసలు సర్వర్ మీద కూలేది ఈ అంకెల దగ్గరే. పైగా రెండు క్వెరీల మధ్య కొత్త ఆర్డర్ పడితే లిస్టు తప్పు. పని డేటాబేస్‌లో జరగగలిగినప్పుడు ఐడీలను బయటికి తెచ్చి మళ్లీ లోపలికి మోయడం దండగ.

ప్రశ్న: పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారావెల్ నుంచి రూబీ ఫ్రేమ్‌వర్క్ రైల్స్‌కు మారాను. రెండింట్లోనూ కాలమ్ విలువలు తెచ్చే ప్లక్ ఉంది. ఒకటేనా?
(హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పేరు ఒకటే, నడక వేరు. రైల్స్ ప్లక్ 3.2లో వచ్చింది, 4.0 నుంచి ఒకటికి మించి కాలమ్‌లు తీసుకుంటుంది. డేటాబేస్ విలువను సరైన టైపులోకి మార్చి నేరుగా అర్రేగా ఇస్తుంది. మోడల్లో మీరు "పేరు" అనే మెథడ్‌ను తిరగరాసి ఉంటే అది పిలవబడదు. లారావెల్ ఓఆర్ఎమ్ అయిన ఎలోక్వెంట్‌లో ప్లక్ మాత్రం ఆ కాలమ్‌కు మోడల్లో యాక్సెసర్ లేదా కాస్ట్ (విలువను చదివేటప్పుడు మార్చి ఇచ్చే ఏర్పాట్లు) ఉంటే దాన్ని నడిపించి, కలెక్షన్ ఇస్తుంది. కాబట్టి లారావెల్‌లో చక్కగా దిద్దిన రూపంలో కనిపించిన ఫోన్ నంబర్లు రైల్స్‌లో ముడిగా వస్తే కంగారు పడకండి.

లారావెల్‌లో ప్లక్('పేరు', 'జిల్లా') అంటే రెండు కాలమ్‌లు కాదు, జిల్లా తాళంచెవిగా పేరు విలువగా ఉండే జాబితా. ఒకే జిల్లా రెండుసార్లు వస్తే చివరిది ముందుదాన్ని తుడిచేస్తుంది. రైల్స్‌లో అదే రాస్తే జతలు వస్తాయి. రైల్స్‌లో ఇంకొకటి: వేర్(ఐడీ: ఆర్డర్.ప్లక్(:కస్టమర్_ఐడీ)) అంటే రెండు క్వెరీలు. ప్లక్ బదులు సెలెక్ట్ రాస్తే సబ్‌క్వెరీగా ఒక్కటే వెళుతుంది. ఒక్క విలువే కావాలంటే రైల్స్‌లో 6.0 నుంచి పిక్, లారావెల్‌లో వాల్యూ ఉన్నాయి.

ప్రశ్న: జావా ఓఆర్ఎమ్ అయిన హైబర్నేట్‌లో ఒక కాలమ్‌ను లిస్ట్ ఆఫ్ స్ట్రింగ్‌లోకి తెచ్చుకున్నాను. క్వెరీ దగ్గర ఏమీ అనలేదు, లూప్‌లో క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్!
(విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సెలెక్టులో రెండో కాలమ్ ఉండి ఉంటుంది. ఒక కాలమ్ అయితే హైబర్నేట్ విలువల లిస్టు ఇస్తుంది, రెండో కాలమ్ చేరగానే ప్రతి వరుసా ఆబ్జెక్ట్ అర్రే అవుతుంది. జావా జెనెరిక్స్ (లిస్టులో ఏ టైపు ఉంటుందో చెప్పే గుర్తులు) ప్రోగ్రామ్ నడిచే సమయానికి చెరిగిపోతాయి కాబట్టి టైపు తప్పని మొదటి విలువను ముట్టుకున్నప్పుడే బయటపడుతుంది. క్రియేట్‌క్వెరీకి రెండో ఆర్గ్యుమెంటుగా స్ట్రింగ్.క్లాస్ ఇవ్వండి, తప్పు క్వెరీ లైను దగ్గరే తెలుస్తుంది. కౌంట్ లాంగ్‌గా వస్తుంది, ఇంటీజర్‌కు కాస్ట్ చేయకండి. నేటివ్ క్వెరీలో (నేరుగా ఎస్‌క్యూఎల్‌లో రాసిన దానిలో) అయితే హైబర్నేట్ 5 బిగ్‌ఇంటీజర్ ఇచ్చేది, 6 లాంగ్ ఇస్తుంది. నంబర్‌కు కాస్ట్ చేసి లాంగ్‌వాల్యూ() పిలిస్తే రెండింటికీ సరిపోతుంది.

ప్రశ్న: మా టీమ్ లీడ్ గారు జాంగో ప్రాజెక్టులో వీలున్న ప్రతిచోటా వాల్యూస్_లిస్ట్ పెట్టమన్నారు. పెట్టాక ఒక పేజీ ఇంకా నెమ్మదించింది. ఎందుకండీ?
(తిరుపతి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆ పేజీలో ప్రీఫెచ్_రిలేటెడ్ ఉందేమో చూడండి. కస్టమర్లను వాళ్ల ఆర్డర్లతో సహా ముందే తెచ్చుకుని, లూప్ లోపల కస్టమర్.ఆర్డర్స్.వాల్యూస్_లిస్ట్('మొత్తం', ఫ్లాట్=ట్రూ) అని రాస్తే జాంగో ముందు తెచ్చినదాన్ని పక్కన పెట్టి, ఒక్కో కస్టమర్‌కూ కొత్త క్వెరీ పంపుతుంది. ఎందుకంటే వాల్యూస్_లిస్ట్ అనేది వేరే క్వెరీ, మెమరీలో ఉన్న ఆబ్జెక్టుల మీద నడిచేది కాదు. వంద మంది కస్టమర్లుంటే రెండు క్వెరీల పని నూట రెండు అవుతుంది. అక్కడ [ఓ.మొత్తం ఫర్ ఓ ఇన్ కస్టమర్.ఆర్డర్స్.ఆల్()] అని పాత పద్ధతిలోనే రాయండి. ఫిల్టర్, ఆర్డర్_బై కూడా ప్రీఫెచ్‌ను ఇలాగే వృథా చేస్తాయి.

వేల వరుసల నుంచి ఒక కాలమ్ చదివి ఫైల్‌లో రాయడం, డ్రాప్‌డౌన్ నింపడం, సబ్‌క్వెరీగా వాడటం లాంటి వాటికి మీ లీడ్ గారి మాట నిజమే. ఆబ్జెక్టులు తయారు కావు, మెమరీ తగ్గుతుంది. మార్చి సేవ్ చేయాల్సిన చోట, మోడల్లోని పైతాన్ ప్రాపర్టీ విలువ కావలసిన చోట ఆబ్జెక్టే కావాలి. ఫారిన్ కీ మీద వాల్యూస్_లిస్ట్('కస్టమర్', ఫ్లాట్=ట్రూ) వేస్తే ఐడీ వస్తుంది గానీ కస్టమర్ రాడు. పేరు కావాలంటే 'కస్టమర్__పేరు' అని రాస్తే జాయిన్ చేసి తెస్తుంది.

మార్చిన ప్రతి చోటా టెస్టులో అసర్ట్‌నమ్‌క్వెరీస్ (ఎన్ని క్వెరీలు వెళ్లాయో లెక్క చూసేది) పెట్టండి. ముందు ఇద్దరు కస్టమర్లతో, తర్వాత ఇరవై మందితో నడపండి. రెండుసార్లూ అంకె ఒకటే రావాలి. పెరిగిందంటే ఆ మార్పును వెనక్కి తీసుకోండి.